ఆ బరువు గడి ఖాళీగా వదలకండి

ప్రశ్న: హెచ్‌ఐవీ ఉన్న పిల్లలకు మందులిచ్చే కేంద్రంలో డేటా ఎంట్రీ చేస్తాను. నెలనెలా రిపోర్టు పైకి పంపడమే నా పని. ఈ అంకెల వల్ల ఒక్క బిడ్డకైనా మేలు జరుగుతోందా? నా వంతుగా చేయగలిగింది ఏమైనా ఉందా?

జవాబు: చాలా ఉంది. రిపోర్టు పంపేముందు మీరే ఒకసారి చదవండి, టోటల్ కాదు, ఒక్కో బిడ్డ లైనూ.

పెద్దవాళ్లలా కాదు, పిల్లలకు డోసు బరువును బట్టి మారుతూ ఉంటుంది. హెచ్‌ఐవీ మందు డోలుటెగ్రావిర్ 10 మిల్లీగ్రాముల బిళ్లలున్నాయి కదా, నీళ్లలో కరిగేవి, 10 నుంచి 14 కిలోల లోపు బిడ్డకు రోజుకు రెండు, 14 కిలోలకు చేరితే రెండున్నర. పోయినసారి 13.6 తూగిన పాప ఈసారి 14.3 తూగింది, కానీ డోసు గడిలో ఇంకా "2" అనే ఉంది. రద్దీలో పై లైను చూసి కిందికి దించేస్తారు, అంతే. బరువు, డోసు పక్కపక్కన పెట్టి చూస్తే మీకే దొరుకుతుంది, వెంటనే నర్సుకో డాక్టరుకో చూపించండి. డోసు చాలకపోతే వైరస్ మందుకు లొంగకుండా తయారయ్యే ప్రమాదం ఉంది, పిల్లలకు వాడదగ్గ మందులే తక్కువ.

వైరల్ లోడ్, అంటే రక్తంలో వైరస్ ఎంతుందో చెప్పే అంకె, మిల్లీలీటరుకు 1000 కాపీలు దాటినవాళ్లకు కౌన్సెలింగ్ ఇచ్చి, సుమారు మూడు నెలలకు మళ్లీ పరీక్ష చేయాలి. ఆ రెండో పరీక్ష తేదీ ఎవరికి లేదో వెతకండి. వైరస్ అదుపులో ఉన్నవాళ్లు ఇంత శాతం అని పరీక్ష జరిగినవాళ్లలోనే లెక్కేస్తే, అసలు మొదటి పరీక్షే జరగని పిల్లలు ఆ లెక్కలోకే రారు, వాళ్లను మర్చిపోవద్దు.

నాకు అన్నిటికన్నా భయం వేసేది పసికందుల విషయంలో. తల్లి యాంటీబాడీలు ఒంట్లో ఉంటాయి కాబట్టి 18 నెలల లోపు మామూలు పరీక్ష పనికిరాదు, 4–6 వారాలకే వైరస్‌నే నేరుగా వెతికే పీసీఆర్ పరీక్ష చేస్తారు. వైరస్ సోకి చికిత్స అందని పిల్లల్లో దాదాపు సగం మంది రెండేళ్లు నిండకముందే చనిపోతారు. అందుకే రిజల్టు వచ్చిన తేదీకీ మందు మొదలైన తేదీకీ మధ్య ఎన్ని రోజులు గడిచాయో లెక్కపెట్టండి. పాజిటివ్ వచ్చి, మందు తేదీ ఖాళీగా ఉంటే అదే రోజు అడగండి, నెలాఖరు దాకా ఆగకండి.

ఇలా వెతికి మీరు రాసుకునే లిస్టుల్లో పేర్లు వద్దు, రిజిస్ట్రేషన్ నంబరు చాలు. కొందరు పిల్లలకు తమ జబ్బేమిటో ఇంట్లో ఇంకా చెప్పి ఉండరు.