వాగు కింద లాంగ్‌వాల్ పోయాక: నీళ్ళు నిలవడం ఒక జబ్బు, ఇంకడం ఇంకో జబ్బు

మీ ప్రశ్న ఇది: వాగు కింద లాంగ్‌వాల్ ప్యానెల్ (యంత్రంతో బొగ్గు మొత్తం తీసేసి, పైకప్పుని కూలనిచ్చే పొడవాటి గని భాగం) పోయిన ఏడాదికే ఒకచోట నడుంలోతు నీళ్ళు నిలిచాయి, దానికి దిగువన సంక్రాంతి కల్లా ఇసుక ఎండిపోయింది. నీళ్ళన్నీ బాయిలోకే, అంటే బొగ్గు గనిలోకే, పోతున్నాయా? సిమెంటు పోస్తే ఆగుతాయా?

సిమెంటు ఇప్పుడే పోయించకండి. ఈ రెండింటికీ కారణాలు వేరు, మందులు వేరు.

ముందు మడుగు సంగతి. బొగ్గు తీశాక పైకప్పు గోఫులో, అంటే ఆ ఖాళీలో, కూలి, పైన నేల గిన్నెలా కుంగుతుంది. ప్యానెల్ నడుమ బాగా కుంగుతుంది, రెండు ప్యానెళ్ళ మధ్య తీయకుండా వదిలిన బొగ్గు పిల్లర్ల మీద తక్కువ. 250 మీటర్ల వెడల్పు ప్యానెల్‌ని వాగు అడ్డంగా దాటుతోందనుకోండి. వాలు 500కి 1 అయితే నడిమి నుంచి దిగువ అంచుకి, అంటే 125 మీటర్లలో, వాగు అడుగు 25 సెంటీమీటర్లు దిగుతుంది. నడుమ భాగం పిల్లర్ల మీది నేల కంటే ఒక మీటరు ఎక్కువ కుంగితే, దిగువన 75 సెంటీమీటర్ల గట్టు లేచినట్టే. మీ మడుగు అదే. వాలు 100కి 1 ఉన్న ఒర్రెలో మడుగు దాదాపు కట్టదు. కానీ ప్యానెల్ ఎగువ అంచున వాలు నిటారై, వరదకు అడుగు కోసుకుపోతూ ఆ కోత ఎగువకు పాకుతుంది. ఒడ్డున చెట్ల వేర్లు బయటపడుతున్నాయేమో చూడండి.

గోదావరి లోయలో బొగ్గు పొరలు ఏటవాలుగా ఉంటాయి కాబట్టి గిన్నె అడుగు సరిగ్గా నడుమ కాక డిప్ వైపు, అంటే పొర కిందికి దిగే వైపు, జరుగుతుంది. అందుకే ప్లాన్ మీద గీత చూసి నిర్ణయించొద్దు. ఆటోలెవెల్‌తో (ఎత్తులు కొలిచే సర్వే పరికరం) వాగు అడుగు వెంట 10 మీటర్లకో రీడింగ్ తీయండి. ప్యానెల్ అంచుతో ఆపకండి. ప్రభావం బయటకి లోతులో సగం నుంచి 70 శాతం దాకా పోవచ్చు: 300 మీటర్ల లోతుకి 150 నుంచి 210 మీటర్లు. ఎత్తులు పోల్చుకునే స్థిర గుర్తు, బెంచ్‌మార్క్, ఆ పరిధికి బాగా అవతల ఉండాలి. అదే కుంగితే లెక్కంతా తప్పు.

మడుగుకి మందు తవ్వకమే. అమెరికాలోని పెన్సిల్వేనియాలో పిట్స్‌బర్గ్ బొగ్గు పొర పైన వాగులకు పిల్లర్ల మీద ఎత్తుగా మిగిలిన భాగాన్ని కోసి వాలు సరిచేస్తారు. పని దిగువ నుంచి ఎగువకు సాగాలి, పాత వెడల్పు దాటకూడదు, తీసిన గులకరాళ్ళనే మళ్ళీ అడుగున పరవాలి. ఒక జానెడు లోతు ఎక్కువైనా అక్కడ కొత్త కోత మొదలవుతుంది.

ఇక ఎండిన భాగం. ప్యానెల్ అంచుల్లో నేల సాగి నెర్రెలు పడుతుంది, నడుమ నొక్కుకుంటుంది. అడుగున బండ ఉంటే ఆ నొక్కుడుకి పలక లేచి పగులుతుంది. ఆస్ట్రేలియాలో సిడ్నీకి దక్షిణాన, హెలెన్స్‌బర్గ్ దగ్గరి వారటా రివులెట్‌లో జరిగింది ఇదే. నీరు పైపైన ఉన్న పగుళ్ళలో దూరి కొంత దిగువన నారింజ రంగు చిలుముతో తేలింది. కొత్తగా పగిలిన రాతిలోని ఇనుము కరిగి, గాలి తగలగానే తుప్పుగా పేరుకుంటుంది. కాబట్టి వాగు ఎండినంత మాత్రాన నీళ్ళు బాయిలోకి దిగినట్టు కాదు. బాయి లోతు తక్కువైతే, కూలిన రాతి పగుళ్ళు పైదాకా అందితే మాత్రం దిగుతాయి.

తేల్చుకోవడానికి ఒకే రోజు మూడుచోట్ల ప్రవాహం కొలవండి: ప్యానెల్‌కి ఎగువన, మీద, దిగువన. అడుగున బండ ఉన్నచోట 90 డిగ్రీల వి-నాచ్ రేకు (V ఆకారంలో గాడి కోసిన రేకు) అడ్డం పెడితే చాలు. నాచ్ కొస నుంచి నీటిమట్టం 5 సెంటీమీటర్లుంటే సెకనుకు 0.77 లీటర్లు, 10 ఉంటే 4.4 లీటర్లు. రేకు పక్కల, కింద బంకమట్టితో బిగించకపోతే అంకె అబద్ధం చెబుతుంది. మీది ఇసుక వాగు కాబట్టి నీరు ఇసుక లోపల కూడా నడుస్తుంది. అక్కడ రేకు పనికిరాదు. 3 మీటర్ల పీవీసీ పైపుకి కింది మీటరు భాగంలో సన్నటి రంధ్రాలు వేసి, నైలాన్ వల చుట్టి, మూడుచోట్లా దించి వారానికోసారి మట్టం రాయండి. చెలిమల మట్టం కూడా రాస్తే మంచిది, ఊళ్ళో ఏళ్ళ తరబడి ఎంత లోతుకి నీళ్ళు పడేవో ఆడవాళ్ళకే బాగా తెలుసు. దిగువన మట్టం తేరుకుంటే నష్టం పైపొరలోదే. తేరుకోకుండా, బాయి పంపింగ్ రిజిస్టర్‌లో వానాకాలంలో అంకె హఠాత్తుగా లేస్తే అది అసలు ప్రమాదం, వెంటనే గనుల భద్రత డైరెక్టరేట్‌కి రాతపూర్వకంగా తెలపాలి. వాగు కిందా, ఒడ్డుకి 15 మీటర్ల లోపూ తవ్వడానికి వాళ్ళ ముందస్తు అనుమతి ఉండాలి. ఆ అనుమతి షరతుల నకలు అడగండి.

ఇసుక, ఒండ్రు ఉన్నచోట చాలా నెర్రెలు ఒకటి రెండు వరదలకు వాటంతటవే పూడుతాయి. ఒడ్డు మీద తెరుచుకున్నవాటిని మాత్రం వదలకండి: అర మీటరు వెడల్పు, మీటరు లోతు తవ్వి బంకమట్టిని 15 సెంటీమీటర్ల పొరలుగా తడిపి దిమ్మిస కొట్టించాలి. పైన మట్టి పోసి సదును చేస్తే లోపల బొక్క అలాగే ఉండి, పశువు కాలు దిగబడుతుంది. బండ పగుళ్ళకు రంధ్రాలు వేసి లోపలికి గ్రౌట్ (పగుళ్ళు నింపి గట్టిపడే ద్రవం) ఎక్కించాలి. వారటాలో పాలీయురేథేన్ రెసిన్ వాడారు. పైన పోసిన సిమెంటు పలక మాత్రం తర్వాతి నొక్కుడుకి ఊడి వస్తుంది.

ఏ మరమ్మతైనా పక్క ప్యానెల్ కూడా దాటాకే. అది నడుస్తుంటే ఇదే నేల మళ్ళీ కదులుతుంది. మూడు నెలల తేడాతో తీసిన రెండు లెవెల్ రీడింగులు ఒకేలా ఉంటే పని మొదలుపెట్టొచ్చు. ఈలోగా పశువులకు, చెలిమల మీద ఆధారపడినవాళ్ళకు నీళ్ళు ట్యాంకర్‌తోనో బోరుతోనో ఇవ్వమని యాజమాన్యాన్ని ఇప్పుడే అడగండి, వేసవి దాకా ఆగొద్దు.