సైకాలజిస్టు దగ్గరికి మొదటిసారి వెళ్తే ఏం అడుగుతారు?

ప్రశ్న: మేడమ్ గారూ, నాకు 34 ఏళ్లు. ఓ ఫైనాన్స్ కంపెనీలో కలెక్షన్లు చూస్తాను. కొన్ని నెలలుగా తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చేస్తోంది, మళ్లీ నిద్ర పట్టదు. నెలాఖరు వస్తే గుండెదడ. ఈసీజీ బాగానే ఉందని చెప్పి, డాక్టరు గారే సైకాలజిస్టును కలవమన్నారు. మా అమ్మేమో ‘నీకేమన్నా పిచ్చా?’ అంటోంది. అక్కడ ఏం అడుగుతారు? మా ఆవిడను తీసుకెళ్లొచ్చా? ఆఫీసులో తెలిసిపోతుందా? టాబ్లెట్లు మొదలుపెడితే జీవితాంతం వాడాలట కదా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: ముందు టాబ్లెట్ల సంగతి తేల్చేద్దాం. మేం మందులు రాయం. రాసేది సైకియాట్రిస్టు, అంటే ఎంబీబీఎస్ అయ్యాక మానసిక వైద్యంలో పీజీ చేసిన డాక్టరు. అవసరమనిపిస్తే వాళ్ల దగ్గరికి పంపిస్తాం. అక్కడైనా చాలామందికి కొంతకాలం వాడించి, మెల్లగా తగ్గిస్తూ ఆపేస్తారు. మీ అంతట మీరు మాత్రం ఆపకండి.

మొదటి సిటింగ్ ముప్పావుగంట, మహా అయితే గంట. ఏం చెప్పాలో బట్టీ పట్టుకుని రానక్కర్లేదు. ‘ఎక్కణ్నుంచి మొదలుపెట్టాలో తెలియట్లేదండీ’ అంటే చాలు, మిగతాది మేం అడుగుతాం. ఆ అడిగేవి కొన్ని మీకు విచిత్రంగా అనిపిస్తాయి: మూడింటికి లేచి ఏం చేస్తారు, ఫోన్ చూస్తారా, కట్టని వాళ్ల లిస్టు కళ్ల ముందు తిరుగుతుందా, రోజుకు కాఫీలెన్ని, మందు అలవాటుందా, ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉండేదా. థైరాయిడ్ పరీక్ష చేయించారా అని కూడా అడుగుతాం, అది ఎక్కువైనా దడ వస్తుంది కాబట్టి. పాత రిపోర్టులుంటే పట్టుకెళ్లండి.

తర్వాత ఓ కాగితం ఇవ్వొచ్చు. ఎక్కువమంది వాడేది పీహెచ్‌క్యూ-9, అంటే డిప్రెషన్ ఎంతుందో అంచనా వేసే ప్రశ్నల కాగితం. గత 2 వారాల్లో ఎన్ని రోజులు ఇలా అనిపించింది అని 9 ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 3. మొదటి ఎనిమిదీ టకటకా టిక్కు పెట్టేస్తారు. తొమ్మిదోది చచ్చిపోతే బాగుండు అనిపించిందా, మీకు మీరు హాని చేసుకోవాలనిపించిందా అన్నది. అక్కడ పెన్ను ఆగుతుంది. ఒకసారి తలుపు వైపు చూసి, 0 మీద టిక్కు పెట్టి ఇచ్చేసేవాళ్లు ఎంతమందో! అలా చేయకండి. అలాంటి ఆలోచన వచ్చిందన్నంత మాత్రాన ఎవరూ పట్టుకెళ్లి ఎర్రగడ్డలో చేర్చరు. ఎంత తరచుగా వస్తోంది, ఏదైనా చేయాలన్నంత దాకా వెళ్లారా అని నిదానంగా అడుగుతాం, అంతే. ఏడుపొస్తే ఏడవండి, టేబుల్ మీద టిష్యూ డబ్బా ఉండేది అందుకే.

ఇక గుట్టు సంగతి. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం మీరు చెప్పింది మేం బయటపెట్టకూడదు. మీ ప్రాణానికో, ఇంకొకరి ప్రాణానికో ముప్పుందనిపిస్తేనో, కోర్టు అడిగితేనో, అలాంటి కొద్ది సందర్భాల్లోనే మినహాయింపు. మీ మేనేజరు ఫోన్ చేసి అడిగితే చెప్పం. కంపెనీయే కౌన్సెలర్‌ను పెట్టి ఉంటే మాత్రం, ఏయే వివరాలు ఆఫీసుకు వెళ్తాయో మొదట్లోనే అడగండి.

మీ ఆవిడను నిక్షేపంగా తీసుకెళ్లండి. కాకపోతే మన దగ్గర ఏమవుతుందంటే, ప్రశ్న మిమ్మల్ని అడిగితే జవాబు పక్కవాళ్లు చెబుతారు, ‘ఈయనకేం లేదండీ, ఊరికే ఆలోచనలెక్కువ’ అని. అందుకే కాసేపు ఆవిడను బయట కూర్చోమంటాం, ఏమీ అనుకోవద్దని ముందే చెప్పి తీసుకెళ్లండి. అమ్మగారికైతే నిద్ర పట్టక వెళ్తున్నానని చెప్పండి, అబద్ధమేం కాదుగా.

బోర్డులు చూసి వెళ్లిపోకండి. నాలుగు వారాంతాల కోర్సు చేసి బోర్డు పెట్టేసినవాళ్లూ ఉన్నారు. క్లినికల్ సైకాలజిస్టుకు రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉండాలి, ఆ నంబరు అడగడంలో తప్పు లేదు. ఫీజు కూడా ఫోన్లోనే కనుక్కోండి. అంత పెట్టుకోలేమనుకుంటే పెద్ద ప్రభుత్వాసుపత్రిలో మానసిక విభాగం ఓపీ ఉంటుంది. ఈలోగా ఏ అర్ధరాత్రో మరీ కష్టంగా అనిపిస్తే 14416కు ఫోన్ చేయండి, అది టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్. ఉచితం, 24 గంటలూ, తెలుగులోనే మాట్లాడతారు.

ఒక్క సిటింగ్‌తో దడ పోతుందనుకోకండి, మొదటిరోజు చాలామటుకు మిమ్మల్ని అర్థం చేసుకోవడానికే సరిపోతుంది. రెండు మూడుసార్లు వెళ్లాక కూడా వాళ్ల దగ్గర నోరు తెరవబుద్ధి కాకపోతే వేరేవాళ్ల దగ్గరికి మారిపోండి, మేమేం అనుకోం. అనుకునేవాళ్లూ ఒకరిద్దరు ఉంటారనుకోండి, అది వాళ్ల సమస్య.