పుట్టిన దూడకు మలద్వారం లేదు... పొడవవచ్చా?

ప్రశ్న: మా జెర్సీ సంకర ఆవు నిన్న తెల్లవారుజామున ఈనింది. కోడె దూడ. ముర్రుపాలు బాగానే తాగింది కానీ ఇంతవరకూ పేడ వేయలేదు. తోక ఎత్తి ముక్కుతోంది, పొట్ట ఉబ్బుతోంది. చూస్తే మలద్వారం ఉండాల్సిన చోట చర్మం మూసుకుని ఉంది. ఎర్రగా కాల్చిన చువ్వతో పొడిస్తే దారి పడుతుందని, ముందు ఆముదం పట్టించమని ఊళ్లో అంటున్నారు. ఏం చేయాలి? ఆవుకు మళ్లీ అదే ఆంబోతు వీర్యం వేయించవచ్చా?
– ఒక రైతు, కాశీనగరం, గజపతి జిల్లా, ఒడిశా

జవాబు: చువ్వతో పొడవడం, ఆముదం పట్టించడం రెండూ చేయకండి. మీకు ఫోనులో ఈ మాట అప్పుడే చెప్పాం. వంశధారకు రెండు వైపులా ఇలాంటి చువ్వ వైద్యం ఇంకా సాగుతోంది కాబట్టి కారణాలు అందరి కోసం వివరంగా రాస్తున్నాను.

పిండం పెరిగేటప్పుడు పేగు లోపలి నుంచి వెనక్కి వస్తుంది, బయట తోక కింద చర్మం గుంటగా లోపలికి దిగుతుంది. రెండింటి మధ్య పలుచని పొర మిగులుతుంది. అది కరిగిపోతే మలద్వారం ఏర్పడుతుంది. కరగకపోతే మీ దూడలా పుడుతుంది. కొన్నింటిలో అడ్డు ఆ పొర, చర్మం మాత్రమే. కొన్నింటిలో పేగు కటి ఎముకల మధ్యే ఎక్కడో మూసుకుపోయి ఆగుతుంది. మరికొన్నింటికి పైకి ద్వారం చక్కగానే కనిపిస్తుంది, లోపల పేగుకు దారి ఉండదు. అందుకే ద్వారం ఉన్నా మొదటి రోజు నల్లని జిగట పేడ పడకుండా తెల్లని జిగురే వస్తుంటే అనుమానించాలి.

మీరు ఇంట్లోనే ఒకటి చూడవచ్చు. తోక కింద గోరువెచ్చని నీటితో కడగండి. ఒకరు దూడ పొట్టను రెండు పక్కల నుంచి అరచేతులతో మెల్లగా నొక్కాలి. మరొకరు ద్వారం ఉండాల్సిన చోట వేలు ఆనించి ఉంచాలి. దూడ ముక్కినప్పుడు అక్కడ చర్మం మెత్తగా ఉబ్బి వేలిని తోస్తే పేగు దగ్గరలోనే ఉంది. ఆపరేషన్ సులువు, దూడ బతికే అవకాశం ఎక్కువ. ఉబ్బు తగలకపోతే పేగు దూరంలో ఉండవచ్చు. మూత్రం పోసేటప్పుడు కూడా చూడండి. కోడె దూడల్లో ఒక్కోసారి పేగు మూత్రనాళంలోకి తెరుచుకుని, మూత్రంలో పేడ రంగు కనిపిస్తుంది. పెయ్య దూడల్లో పేడ యోని గుండా వస్తుంటుంది. అలాంటివి వారాలు బతికేస్తాయి కాబట్టి యజమాని గమనించడు.

ఇక చువ్వ సంగతి. మలద్వారం వట్టి రంధ్రం కాదు. చుట్టూ రెండు వలయ కండరాలు, సంచి మూతికి తాడు బిగించినట్టు, పేడను పట్టి ఉంచుతాయి. లోపలిది దానంతట అదే పనిచేస్తుంది, బయటిది పశువు అదుపులో ఉంటుంది. చువ్వతో అవి కాలిపోతే దూడ బతికినా జీవితాంతం పేడ కారుతూనే ఉంటుంది. గురి తప్పితే పేగు చిల్లుపడి పొట్టలో చీము పడుతుంది. సరిగ్గా తగిలినా కాలిన గాయం మానుతూ ముడుచుకుని, కొద్ది రోజుల్లో దారి మళ్లీ మూసుకుపోతుంది. ఆముదం మరీ ప్రమాదం. బయటికి దారి లేని పేగును అది ఇంకా తోస్తుంది.

డాక్టరు చేసే పని వేరు. తోక ఎముకల సందులో లిగ్నోకైన్ సూది వేస్తే వెనుక భాగం మొద్దుబారుతుంది. గుండ్రంగా చిన్న చర్మం ముక్క తీసి, లోపల మూసి ఉన్న పేగు కొసను పట్టి బయటికి లాగి, తెరిచి, దాని లోపలి పొరను చర్మం అంచుకు చుట్టూ కుట్టేస్తారు. దారి మూసుకుపోకుండా నిలిపేది ఆ కుట్లే. తెరవగానే తారులాంటి పేడ ఎగజిమ్ముతుంది, పక్కన నిలబడేవారు కాస్త తప్పుకోండి!

పశువుల అంబులెన్సు నంబరు 1962కు ఫోను చేయండి. లేదా పర్లాకిమిడి కానీ, సరిహద్దు ఇవతల పాతపట్నం కానీ, ఆపరేషన్ చేసే డాక్టరు ఆ రోజు ఎక్కడ ఉంటే అక్కడికి తీసుకెళ్లండి. రేపు చూద్దామనుకుంటే పొట్ట ఉబ్బి ఊపిరి అందదు. పేగు దూరంలో ఉంటే పొట్ట కోయాల్సి వస్తుంది. గరివిడి పశువైద్య కళాశాల వంటి చోటికి వెళ్లవచ్చు కానీ, ఒక కోడె దూడకు ఆ ఖర్చు గిట్టుబాటు కాదని నా అభిప్రాయం.

ఆపరేషన్ తర్వాత ఇరవై కిలోల దూడకు రోజుకు రెండు లీటర్ల పాలు, నాలుగైదు సార్లుగా కొంచెం కొంచెం తాగించండి. పేడ పడిన ప్రతిసారీ కడిగి, ఆరబెట్టి, పోవిడోన్ అయోడిన్ పూయండి. ఈగలు వాలితే పురుగులు పడతాయి, గాయం చుట్టూ వేపనూనె రాయండి, గాయం మీద కాదు. యాంటీబయాటిక్ డాక్టరు చెప్పిన రోజులూ వాడండి. పేడ పలుచని నాడాలా సన్నగా వస్తుంటే దారి ఇరుకవుతున్నట్టే, వెంటనే చూపించండి.

ఆంబోతు విషయం. ఈ లోపం వంశపారంపర్యంగా రావచ్చు, ఒక్క దూడను చూసి తేల్చలేం. అయినా అదే ఆంబోతు వీర్యం మళ్లీ వద్దు. ఆవుకు వీర్యం వేసినవారి దగ్గర వీర్యపు గొట్టం మీది నంబరు తీసుకుని పశువైద్యశాలలో రాయించండి. అదే ఆంబోతు దూడలు ఇంకొన్ని ఇలా పుడితే అప్పుడు తెలుస్తుంది. ఆవును అమ్మాల్సిన పని లేదు. దూడ బతికితే దుక్కికి పెంచుకోండి కానీ, ఈడుకు వచ్చేలోపే వృషణాలు నొక్కించండి.