పాపికొండలకు బయల్దేరుతున్న మేనకోడలికి

చిరంజీవి బుజ్జికి,

మీ అత్త ఆశీస్సులు.

నిన్న మీ అమ్మ ఫోన్ చేసింది. కార్తీకంలో నువ్వూ మీ ఆఫీసు స్నేహితులూ భద్రాచలం వచ్చి, పాపికొండలు చూసి, మూడు రోజులు తిరగాలని ప్లాన్ వేశారట. వ్యాన్ మాట్లాడటం దగ్గర్నుంచి గదుల దాకా అన్నీ నువ్వే చూసుకుంటున్నావట. ఎంత సంతోషమేసిందో చెప్పలేను. వీధి చివర కొట్టుకు ఒక్కదానివే వెళ్ళమంటే ఏడ్చిన పిల్లవి, ఇప్పుడు పదిమందిని వెంటబెట్టుకుని వస్తున్నావు. కానీ మీ అమ్మ చెప్పిన రెండో మాట విన్నాక రాత్రంతా నిద్ర పట్టలేదు. మీ నాన్న వద్దన్నాడట. ఎందుకని అడిగితే లేచి బయటికి వెళ్ళిపోయాడట. నువ్వు అలిగి వాడితో మాట మానేశావట.

వాడు చెప్పడు బుజ్జీ. నేను చెప్తాను. రాసే ముందు వాడికి ఫోన్ చేసి అడిగాను కూడా. "నీ ఇష్టం అక్కా" అని పెట్టేశాడు. ముందు మామూలు సంగతులు చెప్పేస్తాను, తర్వాత అది.

రైల్లో వస్తే దిగాల్సిన స్టేషన్ పేరు భద్రాచలం రోడ్. పేరు చూసి ఊళ్ళోకి వచ్చేశామనుకోకండి, అది ఉన్నది కొత్తగూడెంలో. అక్కడి నుంచి ఇంకా నలభై కిలోమీటర్లు బస్సులో వచ్చి గోదావరి వంతెన దాటాలి. శని, ఆదివారాలు వద్దు. కార్తీకమాసం జనం ఎలా ఉంటారో నీకు తెలీదు, దర్శనానికీ బోటుకూ రెండిటికీ అవస్థ పడతారు. గుడికి తెల్లవారుజామునే వెళ్ళండి. రాముడు ఇక్కడ నాలుగు చేతులతో, సీతమ్మను తొడమీద కూర్చోబెట్టుకుని ఉంటాడు, తొందరపడకుండా చూడు. రామదాసు చేయించిన నగలు కూడా చూసి రండి. చింతాకు పతకం, కలికితురాయి అని చిన్నప్పుడు కీర్తనలో పాడావు కదా, అవే. పర్ణశాలకు ఒక పూట చాలు. సీతవాగు దగ్గర రాళ్ళమీద ఎరుపూ పసుపూ చారలు ఉంటాయి, సీతమ్మ పసుపు కుంకుమలని చెప్తారు. కిన్నెరసానికి వెళ్తే జింకల పార్కు చూసి గట్టుమీద నుంచే తిరిగి రండి. ఆ రిజర్వాయర్‌లో మొసళ్ళు ఉన్నాయి, సరదాకి కూడా కాళ్ళు పెట్టొద్దు.

మాది సరిహద్దు ఊరని మర్చిపోకు. 1959 దాకా ఇదంతా తూర్పుగోదావరి జిల్లా, ఆ తర్వాత 2016 దాకా ఖమ్మం. 2014లో పోలవరం ముంపు మండలాలు ఆంధ్రకు వెళ్ళాక మా మండలంలో మా పట్నం ఒక్కటీ ఇటు మిగిలింది. గుడి తెలంగాణలో ఉంది, ఆ గుడి భూములున్న పురుషోత్తపట్నం ఆంధ్రలో ఉంది. ఊరి చివర ఎటపాక రాగానే రాష్ట్రం మారిపోతుంది. మీరు బోటెక్కే పోచవరం కూడా ఆంధ్రలోదే. కూనవరం మీదుగా రెండు గంటలకు పైనే పడుతుంది. కూనవరంలో శబరి వచ్చి గోదావరిలో కలుస్తుంది, బండి ఆపించి చూడండి. వ్యాన్‌కు రెండు రాష్ట్రాల్లో తిరిగే పర్మిట్ ఉందో లేదో ముందే అడుగు. నీతో వచ్చే మగపిల్లలకు గట్టిగా చెప్పు, ఒక రాష్ట్రంలో కొన్న మందు సీసా ఇంకో రాష్ట్రంలోకి తీసుకెళ్తే చెక్‌పోస్టులో పట్టుకుంటారు. సీసా దొరికిందని బండి మొత్తం ఆపేస్తే అడవి దారిలో ఆడపిల్లలు రోడ్డుమీద నిలబడాల్సి వస్తుంది. బోటెక్కే రోజు ఎవరైనా ఒక్క గుక్క తాగినా సరే, వాణ్ణి ఒడ్డునే వదిలేసి వెళ్ళండి. నేనన్నానని చెప్పు.

ఇక మీ నాన్న సంగతి.

1986 పెద్ద వరద వెళ్ళిన మూడో ఏడో నాలుగో ఏడో. వాడప్పుడు డిగ్రీ చదువుతున్నాడు. ఎండాకాలం సెలవులకు ఇద్దరు స్నేహితుల్ని తీసుకుని మా ఇంటికి వచ్చాడు. వేసవిలో గోదావరి మధ్యలో ఇసుక తిన్నెలు తేలతాయి. స్నానఘట్టానికి దిగువన మోకాటి లోతు నీళ్ళలో నడిచి తిన్నెమీదికి వెళ్ళొచ్చు. దోసపాదులు వేసినవాళ్ళూ గేదెలు తోలుకెళ్ళేవాళ్ళూ రోజూ అలాగే వెళ్ళొస్తారు. వీళ్ళు ముగ్గురూ ఆ గేదెల వెనకే నడిచి వెళ్ళారు. అంతవరకూ బాగానే ఉంది. సాయంత్రం దాకా అక్కడే ఆడుకున్నారు, దోసకాయలు తిన్నారు. పొద్దు వాలాక ఇంటికి బయల్దేరినప్పుడు, మా ఇల్లు కాస్త దిగువకు ఉంటుంది కదా, వచ్చిన దారిలో వెనక్కి నడవడం ఎందుకని మీ నాన్న ఐమూలగా నీళ్ళలోకి దిగాడు. స్నేహితులిద్దరూ వెనక వస్తున్నారు.

ఇసుక తిన్నె ఎగువ వైపు వాలుగా ఉంటుంది బుజ్జీ. దిగువ అంచు అలా ఉండదు, నీళ్ళ కింద నిలువుగా తెగి ఉంటుంది. పైనుంచి చూస్తే రెండూ ఒకేలా మెరుస్తాయి. పది అడుగులు మోకాటి లోతు, ఆ తర్వాతి అడుగుకు నేలే లేదు. కాలు నిలదొక్కుకుందామంటే ఆ అంచున ఇసుక జారిపోతూనే ఉంటుంది. వాడికి ఈత రాదనుకుంటున్నావేమో, మన ఊరి మోటబావిలో వాడంత ఈతగాడు లేడు. బావిలో నీళ్ళు నిలబడి ఉంటాయి, ఎక్కడ మునిగితే అక్కడే తేలతావు. ఇక్కడ తేలేసరికి ఒడ్డు వెనక్కి వెళ్ళిపోయి ఉంటుంది. వాడు ఒడ్డు వైపే ఈదుతూ ఈదుతూ చేతులు పడిపోయాక మునిగాడు. స్నేహితుల కేకలు విని, వల తీసుకుంటున్న జాలరి ఒకాయన నాటుపడవ తోసుకొచ్చి గెడ అందించాడు. దాన్ని పట్టుకున్నవాడు పడవలోకి లాగాక కూడా వదల్లేదట. వేళ్ళు ఒక్కొక్కటీ విడదీయాల్సి వచ్చిందట.

దీపాలు పెట్టే వేళకు ఇంటికొచ్చాడు. ఒక కాలికే చెప్పుంది. చెవుల్లో, ముక్కులో, జేబుల్లో ఇసుక. కుడి అరచేతినిండా వెదురు పేళ్ళు గుచ్చుకుని ఉన్నాయి. బల్బు కింద కూర్చోబెట్టి పిన్నీసుతో ఒక్కొక్కటీ తీశాను. ఒక్కసారి కూడా అబ్బా అనలేదు. అన్నీ తీశాక మాత్రం "నాన్నకు చెప్పకక్కా" అన్నాడు. ఆ రాత్రి చారన్నం కలిపి నేనే తినిపించాను. మర్నాడు మీ మామయ్య ఆ జాలరి ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళి డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు. "వెళ్ళేటప్పుడు గేదెల వెనక వెళ్ళారు, వచ్చేటప్పుడు ఎవర్ని అడిగారు?" అని మాత్రం అన్నాడట.

వాడు ఏటిలోకి దిగడం తప్పని నేను ఏనాడూ అనుకోలేదు. గోదావరి ఒడ్డుకొచ్చిన ఏ కుర్రాడు దిగడు! దారి తెలిసినవాణ్ణి అడక్కుండా, కనిపించిన నీళ్ళను నమ్మడమే వాడి తప్పు. ఇంకో తప్పు కూడా ఉంది. ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పకుండా లోపలే పెట్టుకున్నాడు. నీ పుట్టువెంట్రుకలకు అందరూ ఇక్కడికి వచ్చినప్పుడు వాడు ఘట్టం పైమెట్టు దిగలేదు. చెంబుతో నీళ్ళు తెప్పించుకుని అక్కడే నీకు స్నానం చేయించాడు. ఆ తర్వాత కూడా ఎప్పుడొచ్చినా నీ చెయ్యి ఎంత గట్టిగా పట్టుకునేవాడంటే, కందిపోతుంది వదలరా అని నేనే తిట్టేదాన్ని. మొన్న నువ్వు పాపికొండలు అనగానే వాడికి ఏం గుర్తొచ్చి ఉంటుందో నువ్వే ఆలోచించు.

అందుకని మానేయమని నేను అనను. రా. కానీ నా మాటలు నాలుగు విను.

నీళ్ళలో అడుగు పెట్టే ముందు ఆ ఊరివాళ్ళను అడుగు. గూగుల్‌ను కాదు, బండి డ్రైవర్‌ను కాదు, ఆ రేవులో రోజూ ఉండేవాళ్ళను అడుగు. వాళ్ళు చూపించిన చోటే దిగండి, దిగిన చోటే ఎక్కండి. ఇసుక కోసం తవ్విన గుంతలు కూడా నీళ్ళ కింద ఉంటాయి, అవి మీ నాన్న రోజుల్లో ఇన్ని లేవు. పాపికొండల్లో ఇప్పుడు పోలవరం నీరు నిలబడి ఉంటుంది, ఒడ్డున వాలు అనుకున్నది ఒకప్పటి కొండ చరియ కావచ్చు. ఫోటో బాగా వస్తుందని ఎవరైనా ఇంకొక్క అడుగు వెనక్కి అంటే, ఆ ఫోన్ లాక్కో.

బోటు విషయంలో మొహమాటపడకు. 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర మునిగిన బోటులో 77 మంది ఉన్నారు. ఎక్కువమంది తిరిగి రాలేదు. గోదావరి వరదమీద ఉన్న రోజు అది. ఆ వార్త టీవీలో చూస్తూ ఇక్కడ మేమెవ్వరం ఆ పూట అన్నం తినలేదు. లైఫ్ జాకెట్ ఇవ్వగానే చున్నీ తీసేసి, ఒంటికి ఆనుకునేలా వేసుకుని, పట్టీలన్నీ బిగించు. ఉక్కగా ఉందని విప్పేసి ఒళ్ళో పెట్టుకునేవాళ్ళను చాలామందిని చూశాను, నువ్వు అలా చెయ్యకు, మీవాళ్ళెవర్నీ చెయ్యనివ్వకు. కొండ బాగుందనో కోతి కనిపించిందనో అందరూ ఒకేవైపుకు పరిగెత్తకండి. పొద్దున్నే తీసే బోటే ఎక్కు. ఆలస్యంగా బయల్దేరిందంటే తిరిగొచ్చేసరికి చీకటి పడుతుంది. జాకెట్లు చాల్లేదని గానీ, ఇంకో నలుగురే కదా సర్దుకోండని గానీ అంటే డబ్బు పోయినా పర్వాలేదు, దిగిపో. ఆ డబ్బు నేనిస్తాను.

ఇదే నువ్వు ఆగస్టులో వస్తానంటే మీ నాన్నకంటే ముందు నేనే వద్దనేదాన్ని. ఇక్కడ గోదావరి 43 అడుగులు వస్తే మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. మా ఇళ్ళలో పిల్లలకు ఎక్కాలకంటే ముందు ఈ అంకెలు వస్తాయి. 1986 ఆగస్టులో 75.6 అడుగులు వచ్చింది. అప్పటికి నాకు పెళ్ళై ఏడాది కాలేదు. బియ్యం డబ్బా నెత్తిన పెట్టుకుని, మీ మామయ్య చెయ్యి పట్టుకుని, నడుములోతు నీళ్ళలో గుట్ట వైపు నడిచాను. 2022 జూలైలో మళ్ళీ 71 దాటింది. ఆ రోజు కరకట్టకు అవతల నీళ్ళు, ఇవతల మేము. కట్ట చూపించి ఇవన్నీ నీకు నిలబెట్టి చెప్తాను, నీ స్నేహితులు కూడా వింటారు.

పేరంటపల్లిలో బోటు ఆగినప్పుడు శివాలయం చూడండి, చెట్ల కింద చల్లగా ఉంటుంది. అక్కడ కొండరెడ్డి ఆడవాళ్ళు వెదురుతో చేసిన బుట్టలు, పూలు అమ్ముతారు. బేరమాడకు. గంటలు గంటలు కూర్చుని చీల్చి అల్లినవి అవి. అడక్కుండా వాళ్ళ మొహాలమీద కెమెరా పెట్టొద్దు. ప్రాజెక్టు నీళ్ళకు ఊళ్ళు వదులుకుంటున్నవాళ్ళు, మన విహారానికి వాళ్ళు బొమ్మలు కారు. చిప్స్ కవర్లూ ప్లాస్టిక్ ప్లేట్లూ సంచిలో వేసుకుని వెనక్కి తెచ్చెయ్యండి.

దారిలో ఫోన్ సిగ్నల్ ఉండదు. టెన్షన్ పడను, కానీ బోటెక్కే ముందు ఒకసారి, దిగాక ఒకసారి మెసేజ్ పెట్టు. అది నాకు కాదు, మీ నాన్నకు పెట్టు. వాడు ఫోన్ చేతిలో పట్టుకునే కూర్చుంటాడు, నాకు తెలుసు.

ఈ రాత్రికి వాడితో మాట్లాడు. గోదావరి సంగతి ఎత్తకు. అన్నం తిన్నావా నాన్నా అని అడుగు చాలు.

రైలు టికెట్లు అయ్యాక ఎంతమంది వస్తున్నారో చెప్పు. మొదటి రోజు రాత్రి భోజనం మా ఇంట్లోనే. కార్తీకం కదా, నీచు తినని వాళ్ళెవరో, ఉపవాసాలు ఉండేవాళ్ళెవరో ముందే రాసి పంపు, దాన్నిబట్టి పప్పు నానబెడతాను.

మీ అత్త