పాప ఇంటికొచ్చాక రాయి

తమ్ముడూ,

ఆస్పత్రిలో ఉన్న పాప గురించి నువ్వు రాసిన కథ రాత్రే చదివాను. మందుల కౌంటర్ క్యూలో నిలబడి కూడా తండ్రి మానిటర్ మీద చూసిన అంకెలే గొణుక్కుంటాడని రాశావు చూడు, అది బాగుంది. మిగతాదానితోనే నాకు పేచీ.

గుండె, ఊపిరితిత్తుల పని చేసిపెట్టే ఎక్మో యంత్రం మీద ఉన్న నెలల పాపను రెండో రోజే తల్లి ఒళ్లోకి తీసుకుందన్నావు. మెడలోకి గొట్టాలు వేసి, రక్తం బయటికి లాగి, యంత్రంలో ఆక్సిజన్ ఎక్కించి మళ్లీ లోపలికి పంపుతుంటారు. కదలకుండా మత్తుమందు, రక్తం గడ్డకట్టకుండా హెపారిన్. అలాంటి బిడ్డను తాకనిస్తారేమో గానీ చాలాచోట్ల ఎత్తుకోనివ్వరు. పక్కనే ఉండి ఎత్తుకోలేకపోవడమే ఆ తల్లిని తినేస్తుంటే, నువ్వు ఒక్క వాక్యంలో ఆ బాధంతా తుడిచేశావు.

ముగింపుకైతే కోపమే వచ్చింది. పాప కళ్లు తెరిచింది, అందరూ దేవుడికి దండం పెట్టారు, అయిపోయింది! ఇలాంటి కథే నేను రాస్తే ఒక వారపత్రిక ఎడిటర్ "బిడ్డ బతికాక ఇంకా కథేముందండీ, ఆ చివరి పేజీలు తీసెయ్యండి" అని తిప్పి పంపాడు. నేను తియ్యలేదు, ఆయన వెయ్యలేదు. ఆ మాటకి ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఈనాటి కథల పోటీలదీ అదే వరస, ఆస్పత్రిలో కన్నీళ్లుంటే చాలు వాళ్లకి.

ఆ పేజీల్లో ఉన్నది మా అమ్మాయి. మనవడు వెంటిలేటర్ నుంచి బయటపడి ఇంటికొచ్చాక, మైక్రోవేవ్ బీప్‌మన్నా ఉయ్యాల దగ్గరికి పరిగెత్తేది, అర్ధరాత్రి లేచి వాడి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేది. "వాడు బాగానే ఉన్నాడుగా, ఇంకా టెన్షన్ ఎందుకే" అని చుట్టాలు అనీ అనీ, చివరికి అది ఎవరికీ ఏమీ చెప్పడం మానేసింది. అల్లుడు ఆ ఆస్పత్రి రోడ్డు వదిలేసి చుట్టూ తిరిగి ఆఫీసుకి వెళ్లేవాడు. అతన్ని ఎలా ఉన్నావని అడిగినవాళ్లే లేరు. డాక్టర్లు దీన్ని పీటీఎస్‌డీ అంటారు, అంటే పెద్ద భయం గడిచిపోయాక కూడా మనసులో మిగిలిపోయే గాయం. కొందరిని నెలల తర్వాత కూడా వదలదు. బిడ్డ జబ్బు ఎంత ముదిరిందన్న దానికన్నా, దక్కదేమోనని తల్లిదండ్రులు ఎంత భయపడ్డారన్న దాన్నిబట్టే ఎక్కువగా ఉంటుందది.

1975లో కాలిఫోర్నియాలో డాక్టర్ రాబర్ట్ బార్ట్‌లెట్ ఎక్మోతో బతికించిన మొదటి పసికందుకి ఎస్పెరాంజా అని నర్సులే పేరు పెట్టారు, కన్నతల్లి వదిలేసి వెళ్లిపోయింది కాబట్టి. డాక్టరు పేరు, పాప పేరు పుస్తకాలకెక్కాయి. నా ధ్యాసంతా ఆ తల్లి మీదే.

ఆఖరి పేరా కొట్టేసి, డిశ్చార్జి అయిన మర్నాటి నుంచి రాయి. రాశాక నాకే పంపు, పత్రికల సంగతి తర్వాత.