ఇంప్లాంట్లు తీయించుకుంటే రొమ్ముల ఆకారం ఏమవుతుంది?

ప్రశ్న: నాకు 41 ఏళ్లు. మాది గుంటూరు. పెళ్లయ్యాక కొన్నేళ్లు అమెరికాలో ఉన్నాం. ఇద్దరు పిల్లలకూ పాలు మాన్పించాక రొమ్ములు బాగా తగ్గిపోయాయని బాధనిపించి 2014లో అక్కడే సిలికాన్ ఇంప్లాంట్లు పెట్టించుకున్నాను. కండరం కింద పెట్టామన్నారు. తర్వాత ఒక్కసారి కూడా స్కాన్ చేయించుకోలేదు. ఇప్పుడు విజయవాడలో స్థిరపడ్డాం. ఏడాదిగా ఎడమ రొమ్ము గట్టిపడి పైకి లాగేసినట్టు కనిపిస్తోంది. ఆ పక్కకు తిరిగి పడుకుంటే నొప్పి. నీరసం, కీళ్ల నొప్పులు ఉన్నాయి, జుట్టు కూడా రాలుతోంది. ఇంప్లాంట్ల వల్ల క్యాన్సర్ వస్తుందని ఫేస్‌బుక్‌లో చదివినప్పటి నుంచి ఒకటే టెన్షన్. తీయించేసుకుందామంటే, చర్మం ముడతలు పడి వేలాడుతుందని ఒకరు, చుట్టూ ఉన్న పొరతో సహా ‘ఎన్ బ్లాక్’ పద్ధతిలో తీయకపోతే లాభం లేదని ఇంకొకరు అంటున్నారు. మా ఇంట్లో మా వారికి తప్ప ఎవరికీ ఈ సంగతి తెలియదు. ఈ వయసులో అందం గురించి ఆలోచించడం తప్పేమో అని కూడా అనిపిస్తోంది. ఏం చేయమంటారు?
పేరు రాయవద్దని కోరిన పాఠకురాలు, విజయవాడ

జవాబు: అమ్మా, మీరు చివర్లో రాసిన మాటకు ముందు జవాబు చెబుతాను. మీ ఒంటి గురించి మీరు ఆలోచించుకోవడం ఏ వయసులోనూ తప్పు కాదు. ఇంప్లాంట్లు తీయించుకోవడానికి వచ్చేవాళ్లు ఆరోగ్యం గురించి ధైర్యంగానే అడుగుతారు. తీశాక ఎలా కనిపిస్తాననే మాట మాత్రం వెళ్లబోతూ, గొంతు తగ్గించి అడుగుతారు. నిజానికి అది మొదటే అడగాలి. ఆపరేషన్ ఏ పద్ధతిలో చేయాలి, ఒకేసారి చేయాలా రెండు విడతల్లోనా అన్నది చాలావరకు దాని మీదే ఆధారపడి ఉంటుంది. ఇంప్లాంట్ తీయడం ఒక పని, మిగిలిన రొమ్మును తీర్చిదిద్దడం ఇంకో పని. ఆ రెండో పని సంగతి తేల్చుకోకుండా ఆపరేషన్‌కు తేదీ ఖాయం చేసుకోకండి.

ఇక గట్టిపడటం సంగతి. శరీరంలో బయటి వస్తువు ఏది పెట్టినా ఒళ్లు దాని చుట్టూ ఒక పొర కట్టుకుంటుంది. దాన్నే క్యాప్సూల్ అంటాం. ఇంప్లాంట్ ఉన్న ప్రతి ఒక్కరిలోనూ అది ఉంటుంది, జబ్బు కాదు. మామూలుగా కోడిగుడ్డు పెంకు లోపలి పొరలా పల్చగా ఉంటుంది. కొందరిలో మాత్రం మందమై, బిగుసుకుని, ఇంప్లాంట్‌ను నొక్కేస్తుంది. దీన్ని నాలుగు దశలుగా లెక్కేస్తాం. గట్టిదనం చేతికి తెలియడమే కాక ఆకారం మారినట్టు కంటికి కూడా కనిపిస్తే మూడో దశ, దానికి నొప్పి తోడైతే నాలుగోది. మీరు రాసినదాన్ని బట్టి చివరి దశకు దగ్గరగా ఉన్నట్టుంది. చేత్తో పరీక్షించి చూసిన డాక్టరే ఆ మాట ఖాయంగా చెప్పగలరు. ఇంత బిగుసుకున్నాక మసాజ్‌తో తగ్గుతుందని ఆశ పెట్టుకోవద్దు. తీయించుకోవాలన్న మీ ఆలోచన సబబైనదే. ఇంప్లాంట్లు జీవితాంతం ఉండిపోయేవి కావు. ఏళ్లు గడిచేకొద్దీ గట్టిపడటం, లోపల పగలడం లాంటి ఇబ్బందులు పెరుగుతాయి. మీవి పెట్టి పదేళ్లు దాటింది.

అయితే ఇది రేపే పరుగెత్తాల్సిన పని కాదు. ముందు ఇంట్లో పాత ఫైళ్లు వెతకండి. ఇంప్లాంట్ పెట్టినప్పుడు ఒక చిన్న కార్డు ఇస్తారు. కంపెనీ పేరు, మోడల్, సీరియల్ నంబరు, ఎన్ని సీసీలు అన్నవి అందులో ఉంటాయి. దొరక్కపోతే అక్కడి ఆస్పత్రికి మెయిల్ పెట్టి ఆపరేషన్ నోట్స్ అడగండి. మీ రికార్డులు తీసుకునే హక్కు మీకుంది. ఆ కార్డు మీద నేనింత పట్టుబట్టడానికి కారణం ఉంది. ఇంప్లాంట్ల పైపొర రెండు రకాలు, నునుపు, గరుకు. మీరు ఫేస్‌బుక్‌లో చదివిన క్యాన్సర్ దాదాపు పూర్తిగా గరుకు రకంతోనే ముడిపడి ఉంది. అది రొమ్ము క్యాన్సర్ కాదు. ఇంప్లాంట్ చుట్టూ ఉన్న పొరలో, అక్కడ చేరే నీటిలో పుట్టే ఒక అరుదైన లింఫోమా, అంటే తెల్ల రక్తకణాల్లో మొదలయ్యే క్యాన్సర్. దీన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో ప్రత్యేకమైన జబ్బుగా గుర్తించింది. 2019 జులైలో అమెరికా మందుల, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అడగడంతో అలర్‌గాన్ కంపెనీ తన బయోసెల్ రకం గరుకు ఇంప్లాంట్లను అన్ని దేశాల నుంచీ వెనక్కి తీసుకుంది. అప్పుడు కూడా, ఏ లక్షణాలూ లేనివాళ్లు భయంతో వాటిని తీయించుకోనక్కర్లేదనే ఎఫ్‌డీఏ చెప్పింది. ఈ జబ్బు సాధారణంగా ఇంప్లాంట్ పెట్టిన కొన్నేళ్ల తర్వాత ఒకవైపు రొమ్ము ఉన్నట్టుండి ఉబ్బడంతోనో, గడ్డ తగలడంతోనో బయటపడుతుంది. పొర దాటకముందే కనిపెడితే ఇంప్లాంట్‌నూ పొరనూ పూర్తిగా తీసేయడంతోనే చాలామందికి నయమవుతుంది. మీకు ఉబ్బు, గడ్డ ఉన్నట్టు రాయలేదు. ఉత్త గట్టిపడటానికి ఎక్కువ సందర్భాల్లో కారణం బిగుసుకున్న పొరే. అయినా ఒకవైపే మార్పు వచ్చింది కాబట్టి స్కాన్ తప్పదు.

ముందు అల్ట్రాసౌండ్ చేయించండి. ఇంప్లాంట్ చుట్టూ నీరు చేరిందో లేదో అందులో తెలుస్తుంది. నీరు ఉంటే సూదితో తీసి పరీక్షకు పంపాలి, పంపేటప్పుడు ఆ లింఫోమా కణాలను పట్టే ‘సీడీ 30’ పరీక్ష అని స్పష్టంగా రాయించాలి. సిలికాన్ ఇంప్లాంట్ పగిలినా చాలాసార్లు పైకేమీ తెలియదు, అందులోని జెల్ చుట్టూ ఉన్న క్యాప్సూల్ లోపలే ఉండిపోతుంది. దాన్ని బాగా పట్టుకునేది ఎమ్మారై. సూర్యారావుపేటలో గానీ గుంటూరు కొత్తపేటలో గానీ స్కానింగ్ సెంటర్లకు కొదవ లేదు. కానీ రొమ్ము ఎమ్మారై బోర్లా పడుకోబెట్టి, దానికోసమే ఉండే ‘కాయిల్’ అనే పరికరంతో చేయాలి. ఆ కాయిల్ ఉందా, ఇంప్లాంట్ పగిలిందేమో చూస్తారా అని ముందే ఫోన్ చేసి అడగండి. నలభై దాటారు కాబట్టి మామోగ్రామ్ కూడా ఈ విడతలోనే చేయించుకోండి. యంత్రం దగ్గర నిలబడేముందే ఇంప్లాంట్లు ఉన్నాయని చెప్పాలి. వాటిని వెనక్కి నెట్టి, ముందున్న రొమ్మును మాత్రం పట్టి తీసే ఫొటోలు విడిగా ఉంటాయి.

నీరసం, కీళ్ల నొప్పులు, జుట్టు రాలడం గురించి మీకు ఉన్నదున్నట్టు చెప్పాలి. ఇంప్లాంట్లు ఉన్న కొందరిలో ఈ లక్షణాలు కనిపించడం, తీశాక చాలామందికి తగ్గడం నిజమే. మీ బాధను ఎవరైనా ‘అంతా మీ భ్రమ’ అని తోసేస్తే ఒప్పుకోవద్దు. అలాగని దీన్ని తేల్చే రక్తపరీక్ష ఇప్పటికి ఏదీ లేదు, తీస్తే తగ్గి తీరుతుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. మన దగ్గర 41 ఏళ్ల ఆడవాళ్లలో ఇవే లక్షణాలకు థైరాయిడ్, రక్తహీనత, విటమిన్ డి, బి12 లోపాలు కారణం కావడం రోజూ చూసేదే. నెలసరి మార్పులు మొదలయ్యే వయసు కూడా ఇదే. టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ), విటమిన్లు, షుగర్ పరీక్షలు ఆపరేషన్‌కు ముందే చేయించుకోండి. లోపం ఉంటే సరిచేసుకోండి. సరిచేసుకోకపోతే ఆపరేషన్ అయ్యాక కూడా నీరసం అలాగే ఉండి, ఇంత చేయించుకున్నా ఫలితం లేదే అని కుమిలిపోతారు.

‘ఎన్ బ్లాక్’ అన్నది క్యాన్సర్ ఆపరేషన్ల పద్ధతి. ఇంప్లాంట్‌నూ పొరనూ విడదీయకుండా, చుట్టూ కొంత మంచి కణజాలంతో సహా ఒకే ముద్దగా తీయడం. క్యాన్సర్ ఉంటే, అనుమానం ఉంటే అలాగే చేయాలి. లేనప్పుడు దానివల్ల అదనపు మేలు ఉందనడానికి ఆధారం లేదు. పొరను పూర్తిగా తీసినవాళ్లలోనూ, కొంత వదిలేసినవాళ్లలోనూ లక్షణాలు ఒకేలా తగ్గాయని పరిశోధనల్లో తేలింది. మీ ఇంప్లాంట్ కండరం కింద ఉంది. అక్కడ పొర వెనకభాగం పక్కటెముకలకు అతుక్కుని ఉంటుంది. పట్టుదలకు పోయి దాన్ని గీరి తీయబోతే ఊపిరితిత్తి పైపొరకు చిల్లు పడే ప్రమాదం ఉంది, రక్తస్రావం కూడా ఎక్కువవుతుంది. మీకు మందమైన ముందుభాగం పొర తీయాలి. వెనకది సులువుగా వస్తే తీస్తారు, రాకపోతే వదిలేస్తారు. అలా వదిలేసే సర్జన్ పని తెలిసినవాడని నా నమ్మకం. పరీక్ష కూడా చేయకుండా ఫోన్‌లోనే ‘ఎన్ బ్లాక్ చేస్తాం’ అని మాటిచ్చేవాళ్ల దగ్గర జాగ్రత్త.

ఇప్పుడు మీరు అసలు భయపడుతున్న విషయానికి వద్దాం. తీశాక రొమ్ములు ఎలా ఉంటాయన్నది నాలుగైదు విషయాల మీద ఉంటుంది. ఇంప్లాంట్ సైజు, అది ఎన్నాళ్లున్నది, మీ చర్మం సాగే గుణం, లోపల మీ సొంత రొమ్ము ఎంత మిగిలింది, ఈ పదేళ్లలో బరువు పెరిగారా తగ్గారా. సర్జన్ మిమ్మల్ని నిలబెట్టి, రొమ్ము పైభాగాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని మందం చూస్తారు. చనుమొన రొమ్ము కింది మడతకు పైన ఉందా, కిందికి దిగిందా అని టేపుతో కొలుస్తారు. ఈ రెండూ చూడకుండా ‘బాగానే ఉంటుందమ్మా’ అని ఎవరైనా అంటే ఆ మాటకు విలువ లేదు.

చనుమొన మడతకు పైనే ఉండి, చర్మం బిగువుగా ఉంటే ఇంప్లాంట్ ఒక్కటే తీస్తే సరిపోతుంది. రొమ్ములు పెట్టించుకోకముందు కన్నా ఇంకాస్త చిన్నగా, పైభాగం చదునుగా ఉంటాయి. ఇన్నేళ్ల ఒత్తిడికి సొంత కణజాలం పల్చబడటమే అందుకు కారణం. చనుమొన కిందికి దిగి ఉంటే లిఫ్ట్ చేయాలి. అంటే మిగులు చర్మం తీసి, చనుమొనను పైకి జరపడం. ఆకారం బాగా వస్తుంది, కానీ చనుమొన చుట్టూ, అక్కడి నుంచి కిందికి, ఒక్కోసారి మడత వెంట కూడా మచ్చలు మిగులుతాయి. మీకుగానీ మీ కుటుంబంలోగానీ చెవులు కుట్టిన చోటో, దెబ్బ తగిలిన చోటో మచ్చ ఉబ్బెత్తుగా పెరిగే తత్వం ఉంటే ముందే చెప్పండి. మచ్చలకు రాసే సిలికాన్ జెల్ చూసి మళ్లీ సిలికానేనా అని భయపడకండి, అది చర్మం పైనే ఉంటుంది. రొమ్ము మరీ పల్చబడి ఉంటే తీయడం, లిఫ్ట్ ఒకేరోజు చేయడం మంచిది కాదు, చనుమొనకు రక్తం అందకుండా పోవచ్చు. మూడు నుంచి ఆరు నెలలు ఆగి రెండో విడతలో చేస్తారు. ఆగడం వల్ల ఇంకో లాభం, చర్మం దానంతటదే దగ్గరపడి లిఫ్ట్ అవసరమే లేదనుకునేవాళ్లూ ఉంటారు.

పొట్టలోని కొవ్వు తీసి రొమ్ములోకి ఎక్కించే పద్ధతి కూడా ఉంది. పైభాగం గుంటపడకుండా కాపాడటానికి పనికొస్తుంది. ఎక్కించినదాంట్లో కొంత కరిగిపోతుంది, కొన్నిసార్లు చిన్న గడ్డలు కడతాయి. ఇంప్లాంట్ ఇచ్చినంత నిండుదనం దీంతో వస్తుందనుకోవద్దు. కొత్త ఇంప్లాంట్లు పెట్టించుకోవడమూ ఒక దారే. మీ ఉత్తరం చదివితే మీకు ఆ ఉద్దేశం ఉన్నట్టు లేదు.

కట్టు విప్పిన రోజు గురించి ముందే చెప్పడం మంచిది. పైభాగం లోపలికి పోయి, కిందిభాగం ముడతలు పడి, రెండు వైపులా వాపు ఒకేలా లేక, కమిలి ఉంటుంది. చాలామంది ఆ రోజే ఏడుస్తారు. అది ఫలితం కాదు. వారాలు గడిచేకొద్దీ చర్మం ముడుచుకుంటుంది, ఇంప్లాంట్ ఒత్తిడికి నలిగిన కణజాలం సర్దుకుంటుంది. ఆకారం నిలవడానికి కనీసం మూడు నెలలు, కొందరికి ఆరు నెలలు. ఈలోగా ఇంకో ఆపరేషన్‌కు ఒప్పుకోకండి. చనుమొన దగ్గర స్పర్శ కొన్నాళ్లు తగ్గవచ్చు, అరుదుగా అలాగే ఉండిపోతుంది.

ఆపరేషన్ పూర్తి మత్తులో చేస్తారు. అదే రోజో మర్నాడో ఇంటికి పంపుతారు. రెండు పక్కలా లోపల చేరే నీరు బయటికి పోవడానికి సన్నని డ్రెయిన్ గొట్టాలు కొన్ని రోజులు ఉండవచ్చు. అందుకే ఇంట్లో కనీసం ఒక్క ఆడమనిషికి సంగతి చెప్పుకోండి. అత్తగారికా, చెల్లెలికా అన్నది మీ ఇష్టం. మీరు చెప్పమనకుండా డాక్టరు ఎవరికీ చెప్పకూడదు. రెండు మూడు వారాలు స్కూటీ నడపొద్దు. ఆరు వారాలు నీళ్ల బిందె, గ్యాస్ బండ ఎత్తడం, రోలింగ్ షట్టర్ లాగడం, బట్టలు పిండటం లాంటివి మానేయాలి. ఆ ఆరు వారాలూ సపోర్ట్ బ్రా ఉండాల్సిందే. మన ఎండల్లో అది నరకం. చెమటకు కింది మడతలో చర్మం ఒరుసుకుపోయి కుట్లు పాడవుతాయి. తొందర లేకపోతే నవంబరు, ఫిబ్రవరి మధ్య చేయించుకోండి. ఒకవైపు ఉన్నట్టుండి ఉబ్బినా, ఎర్రబడి జ్వరం వచ్చినా, ఆయాసం వచ్చినా, పిక్క వాచి నొప్పిగా ఉన్నా మర్నాటికి ఆగకుండా ఆస్పత్రికి వెళ్లాలి.

సర్జన్‌ను ఎంచుకునేటప్పుడు ప్లాస్టిక్ సర్జరీలో ఎంసీహెచ్ లేదా డీఎన్‌బీ అనే పై డిగ్రీ ఉందో లేదో చూడండి. బోర్డు మీద ‘కాస్మెటిక్’ అని ఉన్నంత మాత్రాన చాలదు. ఇన్సూరెన్స్ పాలసీల్లో అందం కోసం చేసేవాటికి డబ్బు రాదు. ఆరోగ్యానికి ప్రమాదం ఉండి వైద్యపరంగా తప్పనిసరైతే మాత్రం పరిశీలిస్తారు. కాబట్టి గట్టిపడటం ఏ దశలో ఉందో, స్కాన్‌లో ఏం కనిపించిందో డాక్టరుతో రాయించుకుని ఆపరేషన్‌కు ముందే అడిగి చూడండి. లిఫ్ట్ ఖర్చు మాత్రం మీరే పెట్టుకోవాల్సి వస్తుందనుకోండి.

తీసిన పొరను, నీరు ఉంటే దాన్ని, పాథాలజీ ల్యాబు పరీక్షకు పంపమని ముందురోజే అడగండి. ఇంప్లాంట్లను కూడా మీకు చూపించమనండి. కార్డు దొరక్కపోయినా వాటి మీద ఉన్న గుర్తులు ఫొటో తీసుకోవచ్చు. పాథాలజీ రిపోర్టు, ఆపరేషన్ నోట్స్ ఒకే ఫైల్లో పెట్టుకుని, వాపు అంతా తగ్గాక, సుమారు ఆరు నెలలకు, కొత్త మామోగ్రామ్ ఎప్పుడు తీయించాలో మీ డాక్టరును అడగండి. ఆపరేషన్ మచ్చలు అందులో గడ్డల్లా కనిపించి కంగారు పెట్టవచ్చు, పాత ఫిల్ములు పక్కనుంటే రేడియాలజిస్టు తేలిగ్గా తేడా పట్టగలరు.