ఎనిమిది మందికి ఒక తెరచాప పడవ

ప్రశ్న: మేము ఎనిమిది మంది స్నేహితులం. ఆగస్టులో ఏథెన్స్‌ దగ్గర నాలుగు క్యాబిన్ల తెరచాప యాట్‌ను అద్దెకు తీసుకుని, శాంటోరిని దీవి వరకు వెళ్లి వారంలో తిరిగి రావాలని అనుకుంటున్నాము. మాలో ఒకరు సరస్సులో చిన్న తెరచాప పడవ నడిపారు. స్కిప్పర్‌ (పడవ నడిపే సరంగు) లేకుండా తీసుకుంటే ఖర్చు తగ్గుతుందని మా ఆలోచన. ఇది సరైనదేనా?
– ఒక పాఠకుడు

జవాబు: మీ మిత్రుడి నేర్పును తక్కువ చేయడం లేదు గాని, ఆ అనుభవంతో గ్రీస్‌లో యాట్‌ను మీ చేతికి ఇవ్వరు. స్కిప్పర్‌ లేకుండా తీసుకోవాలంటే అక్కడ గుర్తింపు ఉన్న ధ్రువపత్రం కలిగినవారు ఒకరు, పడవ పని తెలిసిన తోడు మరొకరు ఉండాలి. కాబట్టి మీకు సరంగు తప్పనిసరి. అతని రోజుకూలితో పాటు భోజనం కూడా మీ లెక్కలోకే వస్తుంది. అతనికి పడక కూడా కావాలి. నాలుగు క్యాబిన్లూ మీతోనే నిండితే, పగలంతా చుక్కాని పట్టిన మనిషి రాత్రి హాలులోని సోఫా మీద, మీ కబుర్లు ముగిసేదాకా మేలుకుని ఉండాలి. అందుచేత ఐదు క్యాబిన్ల యాట్‌ను గాని, సరంగుకు వేరే పడక ఉన్నదాన్ని గాని అడగండి.

ఇక దారి విషయానికి వస్తే, నా అభ్యంతరమంతా ఇక్కడే ఉంది. జూలై, ఆగస్టు నెలల్లో ఏజియన్‌ సముద్రం మీద ఉత్తరం నుంచి మెల్టెమి అనే గాలి వీస్తుంది. ఆకాశం నిర్మలంగా ఉండగానే అది గాలి బలాన్ని చెప్పే బోఫోర్ట్‌ కొలతలో 6, 7 స్థాయికి చేరి, ఒక్కోసారి రోజుల తరబడి తగ్గదు. దక్షిణ దిక్కుగా శాంటోరినికి వెళ్లేటప్పుడు అది వెనుక నుంచి తోస్తుంది కనుక ప్రయాణం హాయిగానే ఉంటుంది. తిరుగు ప్రయాణంలో మాత్రం గంటకు ఐదారు నాటికల్‌ మైళ్లు నడిచే పడవ, వంద మైళ్లకు పైబడిన దూరాన్ని ఎదురుగాలిలో, అలలకు ముక్కు కొట్టుకుంటూ దాటాలి. పైగా అద్దె సాధారణంగా శనివారం నుంచి శనివారానికి ఉంటుంది. గాలి తగ్గేదాకా ఆగుదామంటే గడువు ఆగదు. అంత కష్టపడి చేరినా శాంటోరిని అగ్నిపర్వత బిలంలో నీరు వందల మీటర్ల లోతు ఉండడం వల్ల లంగరు వేయడానికి చోటు దొరకడమే కష్టం.

ఆగస్టే ఖాయమైతే గ్రీస్‌ పడమటి తీరాన అయోనియన్‌ సముద్రానికి వెళ్లండి. లెఫ్కడ, ఇథాకా, కెఫలోనియా దీవులు దగ్గరదగ్గరగా ఉంటాయి. అక్కడ వేసవిలో చాలా రోజులు పొద్దున నీరు నిలకడగా ఉండి, మధ్యాహ్నం వాయవ్యం నుంచి గాలి లేచి, చీకటి పడేసరికి సద్దుమణుగుతుంది. సాయంత్రం రేవు చేరాక మీకూ పని ఉంటుంది. గట్టుకు కొంత దూరంలో అణియం (పడవ ముందు భాగం) నుంచి లంగరు జారవిడిచి, పడవను వెనక్కి నడుపుతూ అమరం (వెనుక భాగం) వైపు నుంచి రెండు తాళ్లు గట్టుకు కట్టాలి. ఒకరు లంగరు గొలుసు దగ్గర, ఇద్దరు తాళ్లతో, మరొకరు పక్క పడవకు రాసుకోకుండా రబ్బరు బుడగలు పట్టుకుని నిలబడాలి. ఆ సమయంలో సరంగు మాటే వినాలి.

అద్దె కాక ఇంధనం, రేవు రుసుము, చివరి రోజు శుభ్రం చేసినందుకు సొమ్ము వేరుగా కట్టవలసి రావచ్చు. గట్టి పెట్టెలు దాచడానికి పడవలో చోటుండదు. మడిచే సంచులే తీసుకెళ్లండి. డిపాజిట్‌ కట్టే ముందు, పడవను మీకు అప్పగించే రోజున దాని పక్కల మీద ఉన్న గీతలన్నిటినీ ఫొటో తీసి, ఒప్పందంలో రాయించండి.